దసరా తర్వాత రెండు మూడు రోజులు దొరికితే ఎటు పోవాలి: రామప్ప–తాడ్వాయా, కవ్వాలా, గోదారి ఒడ్డా, పాకాలా?

బతుకమ్మ సాగనంపి, జమ్మి ఆకు పంచుకొని అలాయ్ బలాయ్ తీసుకున్న మర్నాటి నుంచే మా ఇంట్లో "ఎటన్నా పోదాం" మొదలవుతుంది. మీ ఇంట్లోనూ అంతే అయ్యుంటుంది. చెరువులు నిండి మత్తళ్లు దూకి శాంతించి ఉంటాయి, ఎండ మెత్తబడుతుంది, రోడ్డు పక్కన తంగేడు ఇంకా పూసి ఉంటుంది, ఊరూరా సీతాఫలాల గంపలు. కారేసుకొని తిరగడానికి మన వైపు ఏడాదిలో ఇంతకన్నా మంచి రోజులు లేవు.

చిక్కల్లా ఎటు పోవాలన్న దగ్గరే వస్తుంది. హనుమకొండ నుంచి బయల్దేరితే అడవి, గుడి, కోట కలిసొచ్చే దారులు నాలుగున్నాయి. చాలామంది ఈ నాలుగింట్లోంచి తలా ఒక ముక్క తీసుకొని ఒకే ప్రయాణంలో కుక్కుతారు, నేనూ ఒకసారి అదే చేశాను. ఒక్క రోజులో రామప్ప, లక్నవరం, బొగత అనుకొని అమ్మను తీసుకొని బయల్దేరితే, రామప్పలో ముప్పావు గంట కూడా నిలబడలేదు, బొగత చేరేసరికి సాయంత్రమైంది, వచ్చేటప్పుడు చీకట్లో రోడ్డు మీద వడ్ల కుప్పకు అడ్డం పెట్టిన రాయి మీదకు టైరెక్కి పగిలింది. స్టెప్నీ మార్చేంతసేపూ అమ్మ ఫోన్ లైటు పట్టుకొని రోడ్డు పక్కనే నిలబడింది. అప్పటి నుంచి ఒక ప్రయాణానికి ఒకటే దిక్కు అనేది నాకు గట్టి నియమం. మీకూ అదే చెప్తాను.

ముందు ఇవి తేల్చుకోండి

మొదటిది, జంతువులు. దీని గురించి ఉన్నదున్నట్టు చెప్పాలి. అక్టోబర్, నవంబర్‌లో అడవిలో గడ్డి నిలువెత్తున ఉంటుంది, ప్రతి వాగులో, ప్రతి కుంటలో నీళ్లుంటాయి. వేసవిలోనైతే నీళ్ల కోసం జింకలు, అడవిదున్నలు, ఎలుగులు అటవీ శాఖ కట్టిన సాసర్ పిట్ల (నీళ్లు నింపే తొట్ల) దగ్గరికి రాక తప్పదు, ఇప్పుడా అవసరమే లేదు. అందుకని ఈ కాలంలో కనిపించేవి తక్కువ. "పిల్లలకు పులిని చూపిద్దాం" అన్న ఆశే మీ ప్రయాణానికి కారణమైతే ఏప్రిల్ దాకా ఆగండి, అప్పుడు కూడా పులి కనిపిస్తుందని ఎవరూ మాటివ్వలేరు. అదే అడవిని అడవిగా చూడాలనుకుంటే, ఆ పచ్చదనం, ఆ నీళ్ల చప్పుడు, పిట్టలు కావాలనుకుంటే, ఇదే సరైన కాలం.

రెండోది, కారులో ఎవరున్నారు. మోకాళ్ల నొప్పులున్న అత్తమ్మను రామగిరి ఖిల్లా కింద కూర్చోబెట్టి మీరు పైకెక్కితే అది ఇద్దరికీ ప్రయాణం కాదు. మూడేళ్ల పాపతో ఘాట్ రోడ్డు మలుపులు తిరగడం కూడా అంతే.

మూడోది, నీళ్లు. బొగత, కుంటాల లాంటి జలపాతాలు కావాలంటే అక్టోబర్‌లోనే పోవాలి, నవంబర్ సగం దాటితే ధార సన్నబడుతుంది. మొసళ్లకు ఇది తిరగబడుతుంది: నది తగ్గి, చలి మొదలై, రాళ్లు బయటపడ్డాకే అవి ఎండకు వచ్చి పడుకుంటాయి.

నాలుగోది, కార్తీకం. దీపావళి దాటితే సోమవారాలు శివాలయాలన్నీ కిటకిటలాడతాయి, ఆదివారాలు చెరువు కట్టలన్నీ వనభోజనాల వాళ్లతో నిండుతాయి. ఆ సందడి కావాలంటే అప్పుడే పోండి, వద్దనుకుంటే మంగళ, బుధ, గురువారాలు చూసుకోండి. తేడా మామూలుగా ఉండదు.

ఐదోది చీకటి. దీని గురించి చివర్లో వివరంగా చెప్తాను, ఎందుకంటే నవంబర్‌లో మన రోడ్ల మీద అన్నిటికన్నా పెద్ద ప్రమాదం అదే.

| | రామప్ప–తాడ్వాయి | కవ్వాల్–జోడేఘాట్ | గోదారి ఒడ్డు | పాకాల |
|---|---|---|---|---|
| కావాల్సిన రోజులు | 2 | 3 | 2 | 1 |
| హనుమకొండ నుంచి సుమారు దూరం | బొగత దాకా 135 కి.మీ. | జన్నారం దాకా 180 కి.మీ. | కాళేశ్వరం దాకా 120 కి.మీ. | 55 కి.మీ. |
| చరిత్ర | చాలా గట్టిది | గోండుల చరిత్ర, పోరాటం | కోటలు, గుహ చిత్రాలు | వరంగల్ కోటతో కలిపితే మంచిది |
| అడవి | దట్టం, రోడ్డు మీదినుంచే | అన్నిటికన్నా పెద్దది | చిన్న అభయారణ్యాలు | చెరువు చుట్టూ |
| పెద్దవాళ్లతో | సులువు | అలసట | కోటలెక్కకపోతే సరే | చాలా సులువు |
| మంచి సమయం | అక్టోబర్ | అక్టోబర్ చివర, దీపావళి | నవంబర్ చివర | ఎప్పుడైనా |

రామప్ప, లక్నవరం, తాడ్వాయి, బొగత

ఎక్కువమందికి నేను చెప్పేది ఇదే. రోడ్డు బాగుంటుంది, దూరం తక్కువ, గుడి నుంచి చెరువుకు, చెరువు నుంచి అడవికి ఒకదాని తర్వాత ఒకటి అదే రోడ్డు మీద వస్తాయి.

హనుమకొండ నుంచి ములుగు మీదుగా రామప్ప సుమారు 65 కిలోమీటర్లు. పొద్దున ఆరింటికే బయల్దేరండి. గుడి తూర్పు ముఖం, పొద్దుటి ఎండ పడ్డప్పుడు ఆ ఎర్రటి ఇసుకరాయి రంగు వేరే ఉంటుంది, పైగా చెప్పులు విడిచి తిరగాలి కాబట్టి రాయి కాలకముందే చూడటం మంచిది. గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు కట్టించాడని 1213 నాటి శాసనం చెబుతోంది. ఊళ్లో మాత్రం చెక్కిన శిల్పి పేరు మీదే రామప్ప గుడి అంటారు. రాజు పేరు కాకుండా పని చేసినవాడి పేరు ఎనిమిది వందల ఏళ్లు నిలబడటం నన్ను ఎప్పుడు వెళ్లినా కదిలిస్తుంది. పునాది కింద ఇసుక నింపిన పద్ధతి, శిఖరంలో వాడిన నీళ్లలో తేలే ఇటుకలు అందరికీ తెలిసినవే. గైడ్ ఉంటే తీసుకోండి, లేకపోతే కనీసం రెండు మాత్రం వదలొద్దు: చూరు కింద నిలబడ్డ నల్లరాతి మదనికలు, అంటే ఆడవాళ్ల శిల్పాలు, లోపల మండపం స్తంభాల మీద దారం మాత్రమే దూరేంత సన్నటి చెక్కుడు. 2021 జూలైలో యునెస్కో గుర్తింపు వచ్చాక జనం పెరిగారు, అయినా పొద్దున్నే పోతే గుడి మీ ఒక్కరిదే అన్నట్టుంటుంది. అక్కడికి పది కిలోమీటర్ల లోపే గణపురం కోటగుళ్లు ఉన్నాయి, ఒకే ఆవరణలో ఇరవైకి పైగా చిన్నా పెద్దా గుళ్లు, చాలా వరకు శిథిలమైనవే. రామప్ప చూసి అటు పోకుండా వచ్చేస్తే సగమే చూసినట్టు.

లక్నవరం గురించి ఎక్కువ చెప్పను, వేలాడే వంతెనల ఫోటోలు మీరు చూసే ఉంటారు. కాకతీయుల కాలం నాటి చెరువు, గుట్టల మధ్య ద్వీపాలు, రాత్రి ఉండటానికి టూరిజం వాళ్ల గదులున్నాయి. ఆదివారం మాత్రం వద్దు.

పస్రా దాటాక అడవి మొదలవుతుంది. ఏటూరునాగారం అభయారణ్యం ఇది, 1950ల మొదట్లో ప్రకటించిన పాతది, దాదాపు 800 చదరపు కిలోమీటర్లు. టేకు, నల్లమద్ది, ఇప్ప, తునికి, వెదురు రోడ్డుకు రెండు వైపులా ఉంటాయి. 2024 ఆగస్టు 31న వచ్చిన సుడిగాలికి తాడ్వాయి–మేడారం అడవిలో వేల చెట్లు ఒక్కసారే నేలకొరిగాయి. మీకు జింకలు కనిపించొచ్చు, కనిపించకపోవచ్చు, పాలపిట్టలు మాత్రం కరెంటు తీగల మీద లెక్కలేనన్ని. ఈ రోడ్డు జాతీయ రహదారే కాబట్టి లారీలు వేగంగా వస్తాయి, మీరు మాత్రం నలభై దాటకండి, అద్దాలు దించుకొని నెమ్మదిగా పోండి. కోతులకు బిస్కెట్లు వేసే అలవాటుంటే మానుకోండి, అలా రోడ్డుకు అలవాటు పడ్డ కోతులే బండ్ల కింద పడి చస్తున్నాయి.

తాడ్వాయిలో రాత్రి ఉంటే మర్నాడు పొద్దున్నే దామరవాయి వెళ్లండి. చాలామందికి తెలియదు గానీ అక్కడ గుట్ట మీద బృహత్ శిలాయుగపు సమాధులు, పెద్ద పెద్ద బండలు నిలబెట్టి మీద మూత బండ పరిచినవి, గుంపులు గుంపులుగా ఉన్నాయి. రామప్ప కన్నా ఎంతో ముందు బతికిన మనుషులవి. ఊళ్లో ఎవరినన్నా దారి చూపమని అడిగి తీసుకెళ్లండి, వాళ్ల టైముకు డబ్బులివ్వండి. మేడారం కూడా పక్కనే. రెండేళ్లకోసారి మాఘ పౌర్ణమికి లక్షల మంది వచ్చే ఆ చోట జాతర లేనప్పుడు గద్దెల దగ్గర నిశ్శబ్దంగా ఉంటుంది. బంగారం, అదే బెల్లం, అమ్మలకు అప్పజెప్పి కాసేపు కూర్చోవచ్చు.

బొగత రెండో రోజు మధ్యాహ్నంలోపు చూసుకోవాలి. ఏటూరునాగారం దాటి, ముల్లకట్ట దగ్గర గోదారి వంతెన మీదుగా వాజేడు వైపు. ఆ వంతెన మీద నిండు గోదారిని చూడటానికే కొంతమంది పోతారు. ధార ఎక్కువున్నప్పుడు నీళ్లలోకి దిగనివ్వరు, సిబ్బంది చెప్పింది వినండి. ఈ వైపు వాగుల్ని తక్కువ అంచనా వేయొద్దు: 2023 జూలైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో దాదాపు 650 మిల్లీమీటర్ల వాన పడింది. అక్టోబర్‌లో తుపాను హెచ్చరిక వచ్చిందంటే ప్రయాణం వాయిదా వేసుకోండి, అడ్వాన్స్ డబ్బులు పోయినా సరే.

కవ్వాల్, ఉట్నూరు, జోడేఘాట్, కుంటాల

మూడు రోజులు ఖచ్చితంగా ఉండి, కారులో అందరూ నడవగలిగిన వాళ్లయితేనే ఇది. రెండు రోజులకు కుదించారంటే మొత్తం కారులోనే గడిచిపోతుంది.

కరీంనగర్, లక్సెట్టిపేట మీదుగా జన్నారం. 2012లో టైగర్ రిజర్వ్ అయిన కవ్వాల్‌లో కోర్ ప్రాంతమే దాదాపు 900 చదరపు కిలోమీటర్లు. పులుల సంగతి సూటిగా చెప్తాను: ఇక్కడ కోర్‌లో పులులు స్థిరపడలేదు, మహారాష్ట్రలోని తడోబా నుంచి కాగజ్‌నగర్ అడవుల మీదుగా వస్తూ పోతూ ఉంటాయి. అడవిదున్న, నీల్‌గాయ్, చుక్కల దుప్పి, అడవిపంది కనిపిస్తే మీ అదృష్టం బాగున్నట్టే. వానాకాలంలో ఆపేసిన సఫారీ సాధారణంగా అక్టోబర్‌లో తిరిగి మొదలవుతుంది, బయల్దేరే ముందు జన్నారం అటవీ కార్యాలయానికి ఫోన్ చేసి కనుక్కోండి. సాయంత్రం కన్నా తెల్లవారుజామున పోయేదే మంచిది, మంచు పట్టిన గడ్డిలోంచి దుప్పులు లేచి నిలబడి చూసే చూపు కోసం నిద్ర మానుకోవచ్చు.

అయితే నన్ను ఈ దారి పట్టించేది అడవి కన్నా మనుషుల చరిత్ర. ఉట్నూరులో గోండు రాజుల కోట ఉంది, మిగిలింది కొంచెమే. అక్కడి నుంచి గుట్టల రోడ్డు మీదుగా కెరమెరి వైపు పోతే జోడేఘాట్, జల్ జంగల్ జమీన్ కోసం నిజాం పోలీసులతో పోరాడి కుమురం భీం 1940లో నేలకొరిగిన చోటు. ఆశ్వయుజ పౌర్ణమికి అక్కడ వర్ధంతి జరుగుతుంది, దసరా తర్వాత ఐదు రోజులకే. వేల మంది ఆదివాసులు వస్తారు. ఆ రోజే పోతే రద్దీ, బందోబస్తు, పార్కింగ్ కష్టాలు ఉంటాయి, కానీ మ్యూజియం ఒక్కటే చూసి రావడానికీ ఆ రోజు అక్కడ నిలబడటానికీ పోలికే లేదు. పిల్లలకు చరిత్ర చెప్పాలనుకునేవాళ్లు, కాస్త పెద్ద పిల్లలుంటే, ఆ రోజునే ఎంచుకోండి.

ఇంకో పది పన్నెండు రోజులు ఆగితే గోండుల పండుగ దండారి. దీపావళి ముందు వెనకల గోండు గూడేల్లో నెమలి ఈకల టోపీలతో ఆడే గుస్సాడీలు ఊరి నుంచి ఊరికి పోతారు. ఆ ఆటకే జీవితం అంకితం చేసిన మర్లవాయి కనకరాజుకు 2021లో పద్మశ్రీ వచ్చింది, 2024 అక్టోబర్‌లో ఆయన కన్నుమూశారు. ఇది మనకోసం పెట్టే ప్రదర్శన కాదు, వాళ్ల దైవకార్యం. తెలిసినవాళ్లెవరన్నా ఉంటే వాళ్లతో పోండి, గూడెం పెద్దను, అంటే పటేల్‌ను, అడగండి, వద్దంటే ఫోన్ జేబులోనే ఉంచండి. రోడ్డు మీద గుంపు ఎదురైతే బండి పక్కకు ఆపి దారివ్వండి.

కుంటాల జలపాతం కడెం నది మీద, నేరడిగొండ దగ్గర, సుమారు 45 మీటర్ల ఎత్తు. మెట్లు దిగడం సులువే, ఎక్కడం కష్టం, పెద్దవాళ్లుంటే దగ్గర్లోని పొచ్చెర చాలు. తిరుగు దారిలో నిర్మల్ పెట్టుకుంటే పొనికి కర్రతో చేసే బొమ్మలు చేసేవాళ్ల దగ్గరే కొనొచ్చు.

ఏజెన్సీలో దోమలెక్కువ, పూసుకునే మందు మరవద్దు. పెట్రోలు లక్సెట్టిపేటలోనే నింపుకోండి. సిగ్నల్ ఉండని చోట్లు చాలా ఉన్నాయి కాబట్టి మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోవాలి, ఎటు పోతున్నారో ఇంట్లో చెప్పి పోవాలి.

గోదారి ఒడ్డు: పాండవుల గుట్ట నుంచి ఎలగందుల దాకా

కోటలంటే పిచ్చి ఉన్నవాళ్లకు, ఒకసారి రామప్ప చూసేసినవాళ్లకు ఇది. పరకాల మీదుగా పోతే రేగొండ దగ్గర పాండవుల గుట్ట, ఆదిమానవులు ఎర్ర రంగుతో వేసిన బొమ్మలున్న గుహలు. నిటారు రాళ్లు, గైడ్ లేకుండా ఎక్కొద్దు. ఆ తర్వాత భూపాలపల్లి, కాటారం మీదుగా కాళేశ్వరం, ఒకే పానవట్టం మీద రెండు లింగాలున్న ముక్తేశ్వరుడి గుడి, గోదావరీ ప్రాణహితా కలిసే చోటు. ఈ రోడ్డు మీద బొగ్గు టిప్పర్లు, ఇసుక లారీలు తప్పవు, కొత్తగా డ్రైవింగ్ నేర్చుకున్నవాళ్లకు స్టీరింగ్ ఇవ్వకండి.

మంథని దగ్గర శివారం అభయారణ్యం చిన్నది, మొసళ్ల కోసం పెట్టింది. నవంబర్ చివర్లో, పొద్దున తొమ్మిది పది మధ్య, గోదారి రాళ్ల మీద ఎండకు పడుకున్నవి దూరం నుంచి కనిపిస్తాయి. బైనాక్యులర్ లేకపోతే మాత్రం అది మొసలా మొద్దా అని ఇంట్లో వాళ్లంతా వాదించుకోవాల్సిందే. ఒడ్డుకు దగ్గరగా దిగొద్దు, అది చెప్పకుండా వదలలేను. కృష్ణజింకలు కావాలంటే చెన్నూరు అవతల ప్రాణహిత అభయారణ్యం ఉంది గానీ అది రెండు రోజుల్లో ఇమడదు.

రామగిరి ఖిల్లాకు సగం రోజు, రెండు లీటర్ల నీళ్లు, మంచి బూట్లు కావాలి. ఔషధ మొక్కలకు పేరున్న గుట్ట, వానల తర్వాత పచ్చగా ఉంటుంది, ఆ పచ్చదనం వల్లే దారి జారుతుంది కూడా. ఎక్కలేనివాళ్లు దీన్ని వదిలేసి కరీంనగర్ అవతల మానేరు ఒడ్డున ఎలగందుల కోట చూసుకోండి, ఎక్కడం తక్కువ, ఊగే మినార్లు ఉన్నది అక్కడే. కరీంనగర్ నుంచి హనుమకొండ వచ్చే దారిలో మొలంగూరు గుట్ట కింద దూద్ బావి ఉంది, ఆ నీళ్లు నిజాంకు పంపేవారని అంటారు. ఐదు నిమిషాలు ఆగి చూడండి.

పాకాల

ఒక్క రోజే ఉంటే ఇది చాలు. నర్సంపేట అవతల, గణపతిదేవుడి కాలం నాటి చెరువు, చుట్టూ గుట్టలు, అడవి. ఇంటి నుంచి సర్వపిండి, పులిహోర కట్టుకొని పోయి కట్ట మీద కూర్చుంటే సాయంత్రం దాకా టైమ్ తెలియదు. పొద్దున వరంగల్ కోట కీర్తి తోరణాలు చూసి మధ్యాహ్నానికి పాకాల చేరుకోవచ్చు. వేయిస్తంభాల గుడిలో ఏళ్ల తరబడి విప్పి పెట్టిన కల్యాణ మండపం 2024 మార్చిలో తిరిగి తెరిచారు. బయటి ఊళ్ల చుట్టాలు వస్తే ఈ రెండిట్లో ఒకటి కలపండి. చిన్న పిల్లలకు జంతువులు తప్పకుండా కనిపించాలి అంటే హంటర్ రోడ్డులోని జూ ఉంది, వాళ్లకు అడవిలో నాలుగు గంటల నిరీక్షణ కన్నా అదే ఆనందం.

మరి మీరెటు?

అమ్మానాన్నలు, పిల్లలు అందరూ కలిసి: రామప్ప, లక్నవరంలో రాత్రి, తాడ్వాయి దాకా పోయి వెనక్కి. బొగత వదిలేయండి, నిజంగా. స్నేహితులు నలుగురైతే మొదటిసారి బొగత దాకా, రెండోసారి రామగిరి. పదేళ్లు దాటిన పిల్లలతో మూడు రోజులుంటే కవ్వాల్, జోడేఘాట్. ఫోటోలు, పిట్టలు మీ పిచ్చి అయితే పాకాల ఒక రోజు, శివారం ఒక రోజు, విడివిడిగా. కొత్త జంటకు ఏది అని ఒక తమ్ముడు అడిగాడు, తాడ్వాయి అన్నాను. రాత్రి అక్కడ కీచురాళ్ల చప్పుడు తప్ప ఏమీ ఉండదు, మాట్లాడుకోవడానికి కావాల్సింది అదే కదా.

ఇంక చీకటి సంగతి. వరి కోతలు మొదలయ్యాక, అంటే అక్టోబర్ చివర నుంచి, ఊళ్ల దగ్గర సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి ఉంటాయి. కల్లాల్లో జాగా చాలక, వాన భయంతో పోసుకుంటారు, వాళ్ల ఏడాది కష్టం అది, దాని మీదుగా బండి పోనివ్వకండి. రాత్రి నల్ల కవర్ కప్పి చుట్టూ రాళ్లు పెడతారు, హెడ్‌లైట్ వెలుగులో దగ్గరికి వచ్చేదాకా కనిపించదు. అందుకే ఏ దారి ఎంచుకున్నా సాయంత్రం ఐదున్నరకల్లా ఆ రోజు ఉండే చోటికి చేరేలా లెక్క వేసుకోండి. ఇంటికొచ్చే రోజు మధ్యాహ్నం రెండింటికే బయల్దేరండి, ఒక చోటు చూడకుండా మిగిలిపోయినా పర్వాలేదు, అది వచ్చే దసరాకు చూడొచ్చు.